త్రీ నాట్ త్రీకి పైచెక్క

పెసరట్టు పెనం మీద ఉండగా మా ఆయన వెనకనుంచి వచ్చి, ఒక ఇనుప ముక్క నా ముక్కు దగ్గర పెట్టి, "ఇది సదువు" అన్నారు.

"అట్టు మాడిపోతాది."

"ఒక్క నిమిషం. దాని మీద కిరీటం ఉందా, సింహాలున్నాయా, అదొక్కటీ సెప్పు సాలు."

అట్టు మాడింది. ఆ ముక్క మీద కిరీటమూ లేదు, సింహాలూ లేవు. తుప్పు కింద ఏదో సైకిలు కంపెనీ పేరులో సగం ఉంది. ఆ మాట చెబితే మా ఆయన నమ్మలేదు. సరిగ్గా చూడమని ముక్కను బట్టతో తుడిచి మళ్ళీ ఇచ్చారు. ఈసారి ఆ సగం పేరు ఇంకా స్పష్టంగా కనబడింది.

నేను ఏ.ఎన్.ఎం.గా పనిచేసి రిటైరయ్యాను. రోలుగుంట వైపు ఊళ్ళన్నీ ఐస్ డబ్బా భుజాన వేసుకుని తిరిగినదాన్ని. టీకా సీసాల మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే గడువు తారీకులు చదివీ చదివీ అలసిన కళ్ళు నావి. చోడవరంలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాక వాటికి కాస్త విశ్రాంతి ఇద్దామనుకున్నాను. ఇంతలో షుగరు మా ఆయన కళ్ళను తినేసింది. వీధిలో వచ్చే మనిషిని నడక బట్టి పోల్చుకుంటారు గానీ, దగ్గరి అక్షరం కనబడదు. అందుకని నా కళ్ళు ఆయన సొంతమైపోయాయి.

మా ఆయన సైన్యంలో ఆర్మరర్‌గా చేశారు. అంటే తుపాకులు కాల్చేవాడు కాదు, బాగుచేసేవాడు. ఈ తేడా పెళ్ళయిన కొత్తలో నాకు చెప్పారు. ఆ తరవాత మా గుమ్మం తొక్కిన ప్రతి మనిషికీ, పాలవాడితో సహా, చెప్పారు.

ఇదంతా మొదలైంది మా ఊరి మాజీ సైనికుల సంఘానికి ఒక పాత రైఫిల్ రావడంతో. సంఘం అంటే పెద్దదేం కాదు. మెయిన్ రోడ్డు పక్క సందులో ఒక గది, ముందు జెండా కర్ర, లోపల ప్లాస్టిక్ కుర్చీలు. దానికి ప్రెసిడెంటు ఒక రిటైర్డ్ సుబేదారు. గదిలో గౌరవంగా ఒక తుపాకీ ఉండాలని ఆయన కోరిక. తను పనిచేసిన పలటన్‌కు, అంటే పటాలానికి, రాసీ రాసీ చివరికి ఒకటి సాధించారు. అది త్రీ నాట్ త్రీ. ఎప్పుడో తెల్లవాళ్ళ కాలంలో తయారై, యుద్ధాలకు వెళ్ళి, ముసలిదై, కుర్రాళ్ళకు కవాతు నేర్పడానికి కర్రలా వాడగా మిగిలిన రైఫిల్. గొట్టానికి రంధ్రం చేసి, లోపల అతుకు వేసి, మరి పేలకుండా చంపేసి ఇచ్చారు. కలెక్టరాఫీసు అనుమతి వచ్చింది, పోలీసు స్టేషన్లో రాయించారు, గాజు పెట్టె చేయించారు.

దాన్ని బల్ల మీద పెట్టిన రోజున సంఘంలో వాళ్ళందరూ వరసగా నిలబడ్డారు. పొట్టలు లోపలికి వెళ్ళాయి. ప్రెసిడెంటు గారు, "హవల్దార్, నువ్వు సూడు, నీ లైనుది" అని మా ఆయన్ని ముందుకు పిలిచారు. ఆయన రెండు చేతులతో రైఫిల్‌ను ఆ చివర్నుంచి ఈ చివరిదాకా తడిమారు. నేను పురుడు పోసేటప్పుడు కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ ఎటు తిరిగిందో చూసేదాన్ని, అచ్చం అలాగే.

"సాబ్, దీనికి మూడు లేవు" అన్నారు.

గొట్టం పైన కప్పే చెక్క లేదు. కాల్చి కాల్చి గొట్టం వేడెక్కినప్పుడు చెయ్యి కాలకుండా ఉండే పైచెక్క అది. భుజానికి ఆన్చే చోట, దాన్ని బట్టు అంటారట, ఇత్తడి పలక లేదు, దాని బదులు ఎవరో రేకు ముక్క మేకులతో కొట్టారు. గురి చూసే దగ్గర నిలబడే సైటు పలక లేదు. ఇవి మూడూ కాకుండా ఇంకా ఏవేవో వేరే రైఫిళ్ళవి తెచ్చి తగిలించారట, వాటి సంగతి తరవాత చూసుకుందామట.

ప్రెసిడెంటు గారు తేలిగ్గా నవ్వేశారు. "సెక్కే కదా? ఏటికొప్పాకలో బొమ్మలు సేసినోళ్ళకి ఇస్తే సాయంత్రానికి సెక్కి ఇచ్చీరూ? నున్నగా లక్క రంగు కూడా ఏస్తారు. గాజు పెట్టెలో ఉన్నదానికి ఎవడికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది సాబ్" అన్నారు మా ఆయన.

ఆయన ఆ గొంతుతో ఒక మాట అన్నారంటే ఇంట్లో నాకు పని పెరుగుతుందని ముప్పై ఏళ్ళ పైబడిన కాపురం నేర్పింది.

ఒరిజినల్ కావాలి. ఒరిజినల్ అంటే ఆ కాలానిదే, ఆ ఫ్యాక్టరీదే, ఆ మోడల్‌దే. స్వాతంత్ర్యం రాకముందు చేసిన వాటి మీద కిరీటం గుర్తు ఉంటుంది, వచ్చాక చేసిన వాటి మీద మూడు సింహాలు. మా రైఫిల్ కిరీటం కాలంది, కాబట్టి సింహాల ముక్క పనికిరాదు. ఈ పాఠం మా ఆయన సంఘంలో అందరికీ చెప్పి, మీ మీ ఊళ్ళలో ఎవరి అటక మీదైనా ఉంటే పట్టుకురండని పురమాయించారు. ఇక చూడండి నా అవస్థ. గోనె సంచుల్లో, టిఫిన్ క్యారేజీల్లో, ఒకసారి పెళ్ళి శుభలేఖల కవర్లో, ఇనుము మా ఇంటికి రావడం మొదలైంది. తలుపు బందులు వచ్చాయి. చెరుకు గానుగ పళ్ళచక్రంలో విరిగిన పన్ను వచ్చింది. పాత మంచం కోడుకు ఉండే ఇత్తడి తొడుగు తెచ్చి, ఇది మా తాతది, ఆయన బర్మా యుద్ధానికి వెళ్ళాడు అని ప్రమాణం చేశాడొకాయన. తాత బర్మా వెళ్ళాడేమో గానీ మంచం వెళ్ళలేదు కదా అని నేనంటే, ఆయన మా ఇంట్లో కాఫీ తాగకుండా లేచి వెళ్ళిపోయాడు.

ఇవన్నీ నేనే తుడవాలి, నేనే భూతద్దం పెట్టి చూడాలి, నేనే చదివి చెప్పాలి. చదివింది ఆయనకు నచ్చకపోతే మళ్ళీ చదవాలి. ఇనుము కడగడానికి కిరసనాయిలు గిన్నె, చెక్కకు పట్టించడానికి అవిశె నూనె సీసా వంటింటి గట్టు మీదికి చేరాయి. మా ఇంట్లో పప్పు కూడా అవిశె నూనె వాసన వేసేది.

విశాఖపట్నంలో పాత ఓడల సామాను అమ్మే దుకాణాల్లో ఇలాంటివి దొరుకుతాయని ఎవరో చెప్పారు. సరే, బస్సెక్కాం. చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు నత్తలా నడిచింది. మా ఆయన దారి పొడుగునా కిటికీలోంచి చూడకుండా, ఆ చెక్క కొలతలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. దుకాణంలోకి వెళ్ళేసరికి లంగర్లు, దీపాలు, చక్రాలు. మా మాట వినగానే దుకాణదారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, మేడ మీదనుంచి పాత పేపర్లో చుట్టిన పొట్లం తెచ్చాడు. అందులో ఒక చెక్క, ఒక ఇత్తడి పలక, ఒక చిన్న సైటు పలక ఉన్నాయి. మాకు కావలసిన మూడూ ఉన్నాయి. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది గానీ, ఇంకో బస్సు ప్రయాణం తప్పుతుందన్న ఆశ కొద్దీ నోరు మూసుకున్నాను.

"ఒరిజినల్ సార్. తెల్లదొరల చేతిది."

మా ఆయన చెక్కను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "టీ డికాషన్ లో నానబెట్టేరు" అన్నారు.

"అబ్బే, పాతబడి ఆ రంగు వచ్చింది సార్."

నేను ఇత్తడి పలక మీద గుర్తులు చూశాను. కిరీటం అనబడేది కోడిపుంజు తలమీది తురాయిలా ఉంది. కింద ఇంగ్లీషులో ఇండియా అని ఉంది గానీ, ఎన్ అక్షరం తిరగబడి ఉంది.

"ఎన్ను తిరగబడిందయ్యా" అన్నాను.

"అప్పట్లో అలాగే రాసేవోరమ్మా" అన్నాడు ఏ మాత్రం తడుముకోకుండా.

మా ఆయన ఆ రెండూ పక్కన పెట్టేసి, సైటు పలకను మాత్రం చాలాసేపు వేళ్ళ మధ్య తిప్పారు. దాని అంచున వరసగా ఉన్న సన్నని గాట్లను గోటితో మీటారు. "ఇది నిజందే" అన్నారు. ఆయన మొహం చూస్తే ఇంక వద్దనడానికి నాకు నోరు రాలేదు. కొన్నాం. తిరుగు బస్సులో దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, మధ్యమధ్య జేబు మీద చెయ్యి వేసుకుంటూ వచ్చారు.

అది మా ఇంట్లో వారమైనా ఉండలేదు. మా ఆయన ఫోన్లో మాట్లాడితే వీధి చివరిదాకా వినబడుతుంది. "గొట్టం ఉంది, సైటు దొరికింది, ఇంకా బట్టు దొరకాల" అని ఆయన ప్రెసిడెంటు గారితో అరుస్తుంటే పక్క వీధివాళ్ళెవరో విన్నారు. మా ఇంట్లో తుపాకులు తయారవుతున్నాయని ఊళ్ళో ఒక పుకారు లేచింది. మర్నాడు ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి, "ఎస్సై గారు ఒకసారి రమ్మన్నారు నర్సమ్మా" అన్నారు. వాళ్ళలో ఒకడికి పోలియో చుక్కలు నేనే వేశాను. వాడు తల వంచుకుని మరీ చెప్పాడు.

ఎస్సై కుర్రవాడే, మర్యాదస్తుడు. మాకు కుర్చీలు వేయించాడు. అనుమతి కాగితం పూర్తిగా చదివాడు.

"సార్, ఈ పర్మిషన్ రైఫిల్‌కి. విడి భాగాలకి కాదు. చట్టం ప్రకారం విడి భాగం కూడా ఆయుధం కిందికే వస్తుంది."

"బాబూ, ఆ రైఫిల్ సచ్చిపోయింది. సచ్చిపోయినదానికి కళ్ళజోడు పెడితే బతికొస్తాదేటి?" అన్నారు మా ఆయన.

ఎస్సై నవ్వలేదు. "మీరు మంచివారని తెలుసు సార్. కానీ రేపు ఇంకొకడు ఇలాగే ఒక్కొక్క ముక్కా కొని నిజంగానే తయారు చేస్తే నేనేం చెప్పాలి?"

నాకు ఆ కుర్రవాడి మాట సబబుగానే తోచింది. తోచిందని బయటికొచ్చాక చెప్పడం నా పొరపాటు, ఆ పూట మా మధ్య మాటల్లేవు. సైటు పలక స్టేషన్లో ఉండిపోయింది. లోహపు భాగాలు కావాలంటే రైఫిల్ ఇచ్చిన పలటన్ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోమనీ, చెక్క ముక్క ఎక్కడ దొరికినా తనకు చూపించి పెట్టుకోమనీ ఎస్సై చెప్పాడు.

మళ్ళీ ఉత్తరాలు. ఎండాకాలం పోయింది, వానలు పడ్డాయి, మా పెరట్లో ఆనపకాయలు కాసి అయిపోయాయి. అప్పుడు పలటన్ నుంచి పార్సెల్ వచ్చింది. ఎస్సై ఎదురుగానే విప్పారు. ఇత్తడి పలక వచ్చింది, నిజమైన కిరీటంతో, ఎన్ సరిగ్గా నిలబడి. సైటు పలక వచ్చింది. చెక్క కూడా వచ్చింది. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్న క్షణంలోనే పక్కన పెట్టేశారు.

"ఇది దీంది కాదు. దీని తరవాత వచ్చిన మోడల్‌ది."

"ఎంత తేడా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"రెండు వేళ్ళంత పొడుగు."

"మరింకేటి? రంపంతో అంతమేర కోసీ!"

మా ఆయన లేచి నిలబడి, ప్రెసిడెంటు గారికి సెల్యూట్ చేసి, ఇంటికి వచ్చేశారు. ఆ తరవాత చాలా రోజులు సంఘం గుమ్మం తొక్కలేదు. ప్రెసిడెంటు గారు మా ఇంటికి ఫోన్ చేసి నాతో, "మీ ఆయనకి మీరైనా సెప్పండమ్మా, అది సెక్క, మంగళసూత్రం కాదు" అన్నారు. నేను ఆయనతో ఏకీభవించాను. అయినా ఫోన్ పెట్టేశాక, మా ఆయన్ని ఇంకొకరు వెక్కిరించేసరికి ఒళ్ళు మండింది. ఆ హక్కు నాది.

చివరికి కబురు ప్రెసిడెంటు గారి ద్వారానే వచ్చింది. వడ్డాది దాటాక ఒక ఊళ్ళో, కవాతు నేర్పే ట్రైనింగు సెంటర్లో చేసిన హవల్దారు ఒకాయన ఉండేవాడు. కొన్నేళ్ళ క్రితం పోయాడు. అక్కడ పాత రైఫిళ్ళు విరగ్గొట్టి చెక్కలు పొయ్యిలోకి పారేస్తుంటే, ఆయన ఒక ముక్క అడిగి ఇంటికి తెచ్చుకున్నాడని ఎవరికో గుర్తుంది. ప్రెసిడెంటు గారు ఆటో మాట్లాడారు. ఇద్దరు మగవాళ్ళూ, చదవడానికి నేనూ బయల్దేరాం. ఆటోలో వాళ్ళిద్దరూ చెరో వైపు చూస్తూ కూర్చున్నారు. మధ్యలో నేను.

మేం వెళ్ళేసరికి హవల్దారు గారి భార్య పశువుల సాలలో ఉంది. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. ఎడం చేత్తో గేదె దవడ పైకెత్తి పట్టుకుని, కుడి చేతిలో దోనెలాంటి ఒక నల్లని చెక్క దాని నోట్లోకి వాల్చి, అందులోంచి మందు పోస్తోంది. శొంఠి, మిరియాలు, బెల్లం మరిగించిన మందు. మందు చెక్క మీదనుంచి జారి గేదె గొంతులోకి పోతోంది.

మా ఆయనకి ఆ చెక్క ఎలా కనబడిందో నాకిప్పటికీ తెలీదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అదేనే" అన్నారు.

మందు పొయ్యడం అయ్యేదాకా నిలబడ్డాం. ఆవిడ మమ్మల్ని చూసింది గానీ తొందరపడలేదు. గేదె మూతి తుడిచి, కుంటుకుంటూ బయటికి వచ్చింది. మా ఆయన సంగతి చెప్పారు. ఆవిడ చెక్క ఇచ్చింది. ఆయన దాన్ని కొసనుంచి కొసదాకా తడిమి, లోపలి వంపులో బొటనవేలు పెట్టి, నాకందించారు. మందు జిడ్డు కింద, లోపలి వైపున, కిరీటం ఉంది. కోడి తురాయి కాదు, కిరీటమే. ఫ్యాక్టరీ అక్షరాలు రైఫిల్ మీద ఉన్నవే. నేను చదివి చెప్పాను. ఆయన ఈసారి మళ్ళీ చదవమనలేదు.

ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని, సంఘం గౌరవం గురించీ, పోయిన హవల్దారు గారి పేరు గాజు పెట్టె పక్కన రాయించడం గురించీ ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చారు. ఆవిడ ఆసాంతం విన్నది.

"ఇవ్వను బాబూ" అంది.

"అదేటమ్మా?"

"మీరు గోడకి తగిలించుకోడానికి అడుగుతన్నారు. నాకు రేపు పొద్దున్న గేదికి మందు పొయ్యాల."

"ఎదురు బొంగుతో గొట్టం సేయించి ఇస్తాం వదినమ్మా" అన్నారు మా ఆయన.

"ఎదురు సీలిపోద్ది. గేది నవిలేస్తాది. ఇది మా ఆయన తెచ్చింది, ఇన్నేళ్ళైనా సీలనేదు." అక్కడితో ఆగి, ప్రెసిడెంటు గారి వైపు తిరిగింది. "నన్ను గుర్తుపట్టేరా బాబూ మీరు?"

ఆయన గుర్తుపట్టలేదు.

"మిలట్రీవోళ్ళ ఆస్పత్రి కార్డు కోసం మీ ఆఫీసుకి వచ్చేను. ఓపాలి కాదు. మా ఆయన రికార్డుల్లో నా పేరు ఒకలాగుంది, ఆధారులో ఇంకోలాగుంది, రేపు రా అన్నారు. మరోపాలి వస్తే మీటింగు అన్నారు. మరోపాలి తాళం ఏసుంది. ఈ కాలేసుకుని వచ్చేను." చీర కుచ్చెళ్ళు కొద్దిగా పైకెత్తింది. పాదానికి పాత చీర పేలిక చుట్టి ఉంది. "ఇప్పుడు ఒక సెక్కముక్క కోసం ముగ్గురు మనుసులు ఆటో కట్టుకుని వచ్చేరు. నాకోసం ఒక్కరు రానేదు."

నేను ఆవిడను అరుగు మీద కూర్చోబెట్టి పేలిక విప్పాను. ఇలాంటి పుళ్ళు నా ఉద్యోగంలో చాలా చూశాను. షుగరు పుండు. చిటికెన వేలు పక్కన నల్లబడి ఉంది. వాసన వస్తోంది. వేన్నీళ్ళు అడిగి కడిగి, నా సంచిలో ఎప్పుడూ ఉండే శుభ్రమైన గాజ్ బ్యాండేజీతో కట్టు కట్టాను. రేపటికి రేపు ఆస్పత్రికి వెళ్ళాలని చెప్పాను. ఆవిడ, "ఏ ఆస్పత్రికెల్లాల నర్సమ్మా, కార్డేది?" అంది.

తిరిగి వస్తుంటే ఆటోలో ప్రెసిడెంటు గారు, "మనిషి కొంచెం మొండిది. నాలుగు రోజులాగి మళ్ళీ ఎల్దాం" అన్నారు.

నేను ఆయన ముందు ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఆ రోజు ఆటో ఇంజను చప్పుడు మించి అరిచాను. "మీ సంఘం దేనికండీ? తుపాకీకి సెక్క లేకపోతే ఊళ్ళన్నీ తిరుగుతారు, సైటు లేకపోతే స్టేషన్లెక్కుతారు. ఆ మనిషి కాలు కుళ్ళిపోతా మీ గుమ్మంలో నిలబడితే రేపు రమ్మంటారేటి? ఏండీ, మీరూ వినండి. ఈ రోజు నుంచి నేను ఒక్క అక్షరం కూడా సదవను. కిరీటాలు లేవు, సింహాలు లేవు. ముందు ఆవిడ కార్డు."

ఆటోవాడు అద్దంలోంచి చూసి స్పీడు తగ్గించాడు. ఇంటికి వచ్చాక మా ఆయన అన్నం ముందు కూర్చుని, "పేరు మార్పుకి ఎవరికి రాయాలో నాకు తెలుసు" అన్నారు. అంతే.

ఆవిడను మర్నాడే మా ఊరి సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్ళి చూపించాను. మందులు మొదలయ్యాయి గానీ, ఆ వేలు సంగతి విశాఖపట్నంలో పెద్ద డాక్టర్లే చూడాలన్నారు. ఇక కార్డు కోసం మా ఆయన పట్టిన పట్టు చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఆయనకు చెక్క మీదున్న మొండితనమంతా అటు తిరిగింది. ప్రమాణ పత్రం, సర్పంచి సంతకం, రికార్డు ఆఫీసుకు ఫోన్లు. అవతలివాళ్ళు వేరే నంబరు ఇస్తే ఆ నంబరుకు, ఆ నంబరువాళ్ళు మళ్ళీ మొదటి నంబరు ఇస్తే మొదటిదానికి. ఫోన్లో హిందీలో అరిచేవారు. ఈసారి వీధిలో పుకారేమీ లేవలేదు. ప్రెసిడెంటు గారు కూడా, ఆయన్ని ఎంత తిట్టుకున్నా చెప్పాలి, ఆ ఆటో తరవాత మారారు. తన పాత ఆఫీసరు ఒకాయన్ని పట్టుకుని తాత్కాలికంగా ఒక కాగితం తెప్పించారు. దాంతో విశాఖపట్నంలో చేర్చుకున్నారు. చిటికెన వేలు తీసేశారు. పాదం దక్కింది. ఇంకొంచెం ఆలస్యమైతే మడమదాకా పోయేదని డాక్టరు చెబితే, ఆవిడ మంచం మీద పడుకుని, "నా గేదిని ఎవరు సూస్తన్నారు?" అని అడిగింది.

చెక్క మాట మేమెవరం మళ్ళీ ఎత్తలేదు. జనవరి ఇరవై ఆరు దగ్గరికొచ్చింది. పైచెక్క లేకుండానే రైఫిల్ గాజు పెట్టెలోకి ఎక్కింది. ఇత్తడి పలక తళతళలాడుతోంది, గొట్టం మాత్రం పై భాగాన బోసిగా, చొక్కా గుండీలు పెట్టుకోని మనిషిలా ఉంది. అది కనబడకుండా ప్రెసిడెంటు గారు బంతిపూల దండ వేయించారు. మా ఆయన దండ తీసేశారు. ఆయన వేయించారు. ఈయన తీసేశారు.

జెండా ఎగరేసే వేళకు ఆటో ఒకటి వచ్చి ఆగింది. ఆవిడ దిగింది. కాలికి ఇంకా కట్టు ఉంది, చేతిలో కర్ర, చంకలో తువ్వాలులో చుట్టిన పొట్లం. సరాసరి మా ఆయన దగ్గరికి వచ్చి పొట్లం చేతిలో పెట్టింది.

ప్రెసిడెంటు గారు రెండు చేతులూ జోడించారు. "అమ్మా, సంఘానికి ఇంత గొప్ప బహుమానం..."

"బహుమానం కాదు బాబూ. ఎరువిస్తన్నాను. జెండా పండగ కదా అని తెచ్చేను. ఆటో ఆపుంచేను, అయిపోగానే నా సెక్క నాకిచ్చీయండి."

ప్రెసిడెంటు గారి చేతులు జోడించినవి అలాగే ఉండిపోయాయి. మా ఆయన మాత్రం స్క్రూడ్రైవరు తెమ్మన్నారు. ఆ చెక్క పట్టుకుని, ఎస్సై పంపిన కానిస్టేబులుకు చూపించి, ఒక పట్టీ మర వదులు చేసి లోపలికి జార్చారు. చిన్న చప్పుడుతో అది తన చోట కూర్చుంది. కొయ్యకీ గొట్టానికీ మధ్య వెంట్రుక దూరే సందు లేదు. ఆయన అరచేత్తో దాని మీద ఒకసారి నిమిరి, వెనక్కి జరిగి నిలబడ్డారు. ఆయనకు సరిగ్గా కనబడదు. అయినా చాలాసేపు అలా చూస్తూ ఉన్నారు. ఆ నిమిషంలో నేను కూడా ఆయన మీద విసుక్కోలేదు. మధ్యాహ్నానికి విప్పి ఇచ్చేశారు, ఆవిడ తువ్వాలులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు అదే పద్ధతి అయిపోయింది. ఏడాదికి రెండుసార్లు చెక్క వస్తుంది, వెళ్తుంది. మిగతా రోజుల్లో రైఫిల్ చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ, పైన చెక్కేదని అడుగుతారు, మా ఆయన మొదట్నుంచి చివరిదాకా చెబుతారు, నేను పక్కన ఉంటే మధ్యలో ఇంటికి వచ్చేస్తాను. పుట్టుపూర్వోత్తరాలు వినీ వినీ నాకు తల తిరుగుతోంది.

మొన్న ఆగస్టు పదిహేనుకు గేదెకు కడుపు ఉబ్బి ముందురోజంతా మందు పోసిందట ఆవిడ. చెక్క బెల్లం, శొంఠి వాసన కొడుతూ వచ్చింది. మా ఆయన బట్టతో తుడిచి బిగించేశారు, ప్రెసిడెంటు గారు గాజు తలుపు మూసి తాళం వేశారు. ముఖ్య అతిథిగా ఒక పెద్ద ఆఫీసరు వచ్చారు. జనగణమన మొదలయ్యాక నేను అటు చూద్దును కదా, గోడ పగులులోంచి ఒక చీమల బారు బయల్దేరి, గాజు పెట్టె సందులోంచి దూరి, గొట్టం పొడుగునా కదం తొక్కుతూ పైచెక్క మీదికి ఎక్కుతోంది. అందరం చేతులు కిందికి చాచి బిగదీసుకుని నిలబడి ఉన్నాం. ఎవరూ కదలడానికి లేదు. ప్రెసిడెంటు గారి కళ్ళు మాత్రం చీమలతో పాటు కదులుతున్నాయి.

పాట అయ్యీ అవగానే తాళంచెవి కోసం వెతుకులాట. అది ఎవరి జేబులోనూ లేదు. నేను పాత పేపరు మడిచి గాజు సందుల్లో చీమలు దులుపుతున్నాను. ఆఫీసరు గారు దగ్గరికి వచ్చి మర్యాదగా, "ఈ చెక్క ఒరిజినలేనా?" అని అడిగారు. మా ఆయన ఉత్సాహంగా కిరీటాల కాలం నుంచి అందుకున్నారు. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. ఆవిడ గుమ్మం దగ్గర కర్ర టకటకలాడించి, "బేగి ఇప్పండి బాబూ, గేదికి మందు పోసే ఏళైపోయింది" అని కేకేసింది.